చెట్టు తల నరికితే ప్రమాదం తగ్గదు

మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి వీచి ఎక్కడో ఒక తురాయి చెట్టు కారు మీద విరిగి పడిందంటే చాలు, మర్నాటి నుంచి హైదరాబాద్ కాలనీల్లో రంపాల చప్పుడు మొదలవుతుంది. వనస్థలిపురమైనా, సైనిక్‌పురి అయినా తంతు ఒకటే. ఏళ్ల తరబడి గేటు పక్కన నీడనిచ్చిన చెట్టును సగానికి కొట్టించేసి, మిగిలిన మొండి కొమ్మల్ని చూసి "ఇక టెన్షన్ లేదు" అనుకుంటారు. వానలు పడగానే ఆ మొండేల చివర గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వస్తాయి. చెట్టు కోలుకుందని ఇంటిల్లిపాదికీ సంతోషం. నిజానికి ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. కొన్నేళ్లకు గాలికి ఊడిపడేవి చాలాసార్లు ఆ చిగుళ్లు పెరిగి లావైన కొమ్మలే.

కొమ్మలు కొట్టించడం తప్పు కాదు. ఇంటి ఆవరణలో, నాలుగడుగుల దూరంలో గోడా తీగలూ ఉన్నచోట పెరిగే చెట్టుకు కత్తిరింపు తప్పదు కూడా. కానీ ఏ కొమ్మ, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా రంపం పట్టుకుంటే ఖర్చు పెట్టి మరీ ముప్పు తెచ్చుకున్నట్టే. ఆ జవాబులు తెలియాలంటే చెట్టు తన గాయాన్ని ఏం చేసుకుంటుందో ముందు తెలియాలి.

మన చర్మం తెగితే అదే చోట కొత్త చర్మం వస్తుంది. చెట్టుకు అలా జరగదు. తెగిన చెక్క తెగినట్టే లోపల ఉండిపోతుంది. చుట్టుపక్కల నుంచి కొత్త చెక్క పెరిగి దాన్ని కప్పేస్తుంది, అంతే. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది చెట్లను కోసి, లోపల కుళ్లు ఎటు పాకిందో గమనించి, 1970లలో ఈ సంగతిని పద్ధతిగా వివరించాడు. గాయం తగలగానే చెట్టు లోపల కొన్ని అడ్డుగోడలు లేపుతుంది. కుళ్లు పైకీ కిందికీ పాకకుండా ఆపేది వాటిలో అన్నిటికంటే బలహీనమైన గోడ. కాండం మధ్యకు పోకుండా ఆపేది కాస్త నయం, పక్కలకు పోకుండా ఆపేది ఇంకాస్త గట్టిది. గాయమయ్యాక పెరిగే కొత్త చెక్కకూ, అప్పటికే ఉన్న పాత చెక్కకూ మధ్య లేచేది అన్నిటికంటే గట్టి గోడ. లోపలంతా బోలైపోయిన ముసలి చింతచెట్టు కూడా ఏటా పచ్చగా చిగురించి కాయలు కాస్తుందంటే ఆ చివరి గోడ పుణ్యమే.

దీని అర్థం ఒకటే. ప్రతి కోతా చెట్టు ఒంట్లో శాశ్వతంగా ఉండిపోతుంది. రెండంగుళాల లోపు గాయమైతే, ఆరోగ్యంగా ఉన్న చెట్టు దాన్ని కొద్ది ఏళ్లలోనే మూసేస్తుంది. అరచేతి వెడల్పు గాయం మూసుకునేలోపే శిలీంధ్రం లోపలికి చేరిపోవచ్చు. అంతకంటే పెద్దది చాలాసార్లు అసలు మూసుకోనే మూసుకోదు. పైగా లావుపాటి కొమ్మలో చేవ ఉంటుంది. చేవ గట్టిదే కానీ అందులో ప్రాణమున్న కణాలు ఉండవు, కాబట్టి అది తన్ను తాను కాపాడుకోలేదు. అందుకని నాలుగంగుళాలు దాటిన కొమ్మ జోలికి వెళ్లేముందు గట్టి కారణం ఒకటి ఉండాలి. గోడ మీద ఆకులు రాలుతున్నాయనేది గట్టి కారణం కాదు.

ఎక్కడ కోయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. కొమ్మ కాండంతో కలిసే చోటును దగ్గరగా చూస్తే, కొమ్మ మొదట్లో కొంచెం ఉబ్బెత్తుగా, ఉంగరం తొడిగినట్టు ఒక భాగం ఉంటుంది. కింది వైపు అది బాగా తెలుస్తుంది. పైన, కొమ్మకూ కాండానికీ నడుమ పంగలో, బెరడు ముడతలు పడి నల్లటి గీతలా పైకి లేచి ఉంటుంది. ఆ ఉబ్బు కాండానిది, కొమ్మది కాదు. గాయాన్ని మూసే కణజాలం అక్కడి నుంచే పుడుతుంది, కుళ్లును ఆపే రక్షణ కూడా అక్కడే ఉంటుంది. కోత ఆ ముడతకూ ఉబ్బుకూ సరిగ్గా బయట పడాలి. పైన ముడత పక్కనుంచి మొదలై, కింద ఉబ్బు అంచు దగ్గర ముగిసేలా, కాస్త ఏటవాలుగా.

మన దగ్గర కొట్టేవాళ్లు రెండు రకాల తప్పులు చేస్తారు. పనితనం చూపించాలనుకునేవారు కాండానికి ఆనించి, చేత్తో తడిమితే తగలనంత నున్నగా కోస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కానీ ఉబ్బు కూడా తెగిపోతుంది. గాయం కొమ్మ లావుకంటే పెద్దదై, అవసరమైన కణజాలమే లేకుండా పోతుంది. తొందరలో ఉన్నవాళ్లు జానెడో మూరెడో మొండెం వదిలేస్తారు. ఆకులు లేని ఆ మొండానికి ఆహారం అందదు, ఎండిపోతుంది, చెదలకూ శిలీంధ్రాలకూ దారి ఇస్తుంది. కొత్త చెక్క ఆ ఎండు ముక్క చుట్టూ ఎక్కుతూ ఎక్కుతూ ఏళ్లు గడిపేస్తుంది. కోత సరిగ్గా పడిందో లేదో ఒకటి రెండేళ్లలో చెట్టే చెబుతుంది. గాయం చుట్టూ కొత్త చెక్క గారెలా గుండ్రంగా లేస్తే సరైన చోట కోసినట్టు. రెండు పక్కల మాత్రమే లేచి, పైనా కిందా బోసిగా ఉంటే ఉబ్బును కోసేశారన్నమాట. పాత కోతల్ని ఈ దృష్టితో చూస్తూ కాలనీలో ఒక చుట్టు తిరిగొస్తే, ఎన్ని చెట్లకు అన్యాయం జరిగిందో తెలుస్తుంది.

బొటనవేలు లావు దాటిన ఏ కొమ్మనైనా ఒకే దెబ్బకు కోయకూడదు. సగం తెగగానే కొమ్మ తన బరువుకు వంగి, కింద బెరడును కాండం మీద అడుగు పొడవున చీల్చుకుంటూ పడుతుంది. మొదటి కోత కాండానికి అడుగు దూరంలో, కింది నుంచి పైకి, మందంలో మూడో వంతు వరకు. రెండోది దానికి రెండంగుళాలు బయటగా, పైనుంచి కిందికి. కొమ్మ అక్కడ విరిగి పడుతుంది, చీలిక వచ్చినా మొదటి కోత దగ్గరే ఆగిపోతుంది. ఇక మిగిలిన చిన్న ముక్కను ఉబ్బు బయట నింపాదిగా కోసుకోవచ్చు. ఎండు కొమ్మకైతే ఇంకో చిన్న జాగ్రత్త కావాలి. దాని మొదట్లో బతికున్న ఉబ్బు ఎండు భాగం మీదుగా ముందుకు పెరిగి ఉంటుంది, దాన్ని గీరకుండా ఎండినంత మేరకే తీయాలి. గొడ్డలితో, కొడవలితో ఈ పని కుదరదు. పదునున్న మడత రంపం, చిన్న కొమ్మలకు మంచి సికేటర్, అంటే కొమ్మలు కత్తిరించే కత్తెర, ఉంటే చాలు. రోగం ఉన్న చెట్టును కోశాక రంపం పళ్లను స్పిరిట్‌తో తుడవాలి.

కోసిన చోట పెయింటు, తారు, పేడ, పసుపు పూయడం మనకు అలవాటు. ఉద్దేశం మంచిదే. నీడనిచ్చే చెట్ల మీద జరిగిన పరిశోధనల్లో మాత్రం పూతలు చెక్క కుళ్లును ఆపినట్టు తేలలేదు. పూత ఎండకు పగుళ్లిచ్చాక దాని కింద తేమ నిలిచి శిలీంధ్రానికి ఇంకా వసతిగా ఉంటుంది. గాలి తగిలి ఆరిపోయే గాయమే మేలు. తోటల్లో రైతులు నిమ్మ, బత్తాయి లాంటివాటికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్ట్ రాస్తారు కదా అంటే, అది కొన్ని నిర్దిష్టమైన తెగుళ్లను అడ్డుకోవడానికి. ఇంటి ముందు వేపకో కానుగకో అదే వైద్యం అక్కర్లేదు. తొర్రలో సిమెంటు నింపడం మరీ అన్యాయం. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. ఆ రాపిడిలో చెట్టు లోపల కట్టుకున్న గోడలు దెబ్బతింటాయి.

ఇప్పుడు తల నరకడం సంగతి. ఎత్తు తగ్గిస్తే పడిపోదనేది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆకులే చెట్టుకు వంటిల్లు. ఒక్కరోజులో ఆకులన్నీ పోతే, వేళ్లలోనూ కాండంలోనూ దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు పెట్టి హడావిడిగా చిగుళ్లు వేస్తుంది. తోటమాలులు నీటి కొమ్మలనేది వీటినే. మామూలు కొమ్మ ఏటేటా కాండంతో పాటు పొరలు పొరలుగా అల్లుకుంటూ పెరుగుతుంది. నీటి కొమ్మ బెరడు కిందున్న మొగ్గ నుంచి పుట్టి పైపొరకే అతుక్కుని ఉంటుంది. అది కూర్చున్న మొండెం లోపల కుళ్లు కిందికి దిగుతూ ఉంటుంది. కుళ్లు పైనుంచి కిందికి పాకకుండా ఆపేదే బలహీనమైన గోడ కదా. పైన కొమ్మ బరువెక్కుతుంటే కింద పట్టు బలహీనమవుతుంటుంది. మూడు నాలుగేళ్లలో చెట్టు మళ్లీ పాత ఎత్తుకు చేరుతుంది, ఈసారి అతుకుల కొమ్మలతో. మళ్లీ కొట్టించాలి. ఇంటివాళ్లకు ఖర్చు, కొట్టేవాళ్లకు స్థిరమైన గిరాకీ.

చెట్లన్నీ ఒకేలా విరగవు. ఎర్ర తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు తొందరగా పెరుగుతాయి, అందుకే నగరమంతా నాటారు. వాటి చెక్క పెళుసు. చింత అలా కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మల మీదికెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగర చరిత్ర చెబుతుంది. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అంతమందిని మోసింది చింత చెక్క బలమే కాదు, తల తెగకుండా సహజంగా పెరిగిన కొమ్మల పట్టు కూడా అనుకోవచ్చు. కాంపౌండు గోడ వెంట వరసగా పెంచే నారమామిడి, అంటే అందరూ అశోక అని పిలిచే చెట్టు, తల నరికిస్తే ఒకే కొస ఉండాల్సిన చోట నాలుగైదు కొసలు వేస్తుంది. ఆ కొసల మధ్య ఇరుకు పంగలు గాలికి చీలతాయి. ఇక కొబ్బరి. దాని తల కొడితే చెట్టే పోతుంది, అది అందరికీ తెలుసు. కానీ "శుభ్రం" పేరుతో పచ్చని మట్టలు కూడా దింపించేవాళ్లున్నారు. గోధుమ రంగుకు తిరిగిన మట్టలు, ఎండు గెలలు, ముదిరిన కాయలు తీస్తే సరిపోతుంది.

చెట్టు ఎత్తునో వెడల్పునో నిజంగా తగ్గించాలంటే పద్ధతి వేరు. పొడుగు కొమ్మను గాల్లో మధ్యలో కోయకుండా, దాని నుంచి చీలిన పక్క కొమ్మ దాకా వెనక్కి వచ్చి కోయాలి. ఆ పక్క కొమ్మ లావు, కోసే కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉండాలి. అప్పుడు అదే కొత్త కొసగా మారి ఆకులతో ఆ భాగానికి తిండి పెడుతుంది, నీటి కొమ్మలు పెద్దగా రావు. మొత్తం మీద ఒక ఏడాదిలో పచ్చని గుబురులో నాలుగో వంతుకు మించి తీయకూడదు. ముసలి చెట్టుకూ, ఎండకు వడలిన చెట్టుకూ అంతకంటే చాలా తక్కువే. ఏది ముందు తీయాలో తేల్చుకోవడం కష్టం కాదు. ఎండినవి, రోగం తగిలినవి, విరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేసరికే చెట్టు చాలావరకు తేలికపడుతుంది. చాలా ఇళ్లలో పని అక్కడితోనే ఆపేయవచ్చు. కొందరు లోపలి చిన్న కొమ్మలన్నీ గీరేసి చివర మాత్రం ఆకుల గుత్తులు ఉంచుతారు, గాలి దూరిపోతుందనే లెక్కతో. జరిగేది తలకిందులు. బరువంతా కొసకు చేరి కొమ్మ మరింత ఊగుతుంది, లోపలి చిన్న కొమ్మలు ఊపును తగ్గించే అవకాశమూ పోతుంది.

ఒకే ఎత్తు నుంచి సమానంగా లేచిన జంట కాండాలను మాత్రం అశ్రద్ధ చేయకూడదు. వేపలో, కానుగలో ఇవి ఎక్కువ. పంగ వెడల్పుగా, గుండ్రంగా ఉంటే భయం లేదు. ఇరుకుగా ఉండి, మధ్యలో బెరడు లోపలికి మడుచుకుపోతే ఆ రెండు కాండాలూ ఒకదానికొకటి అతుక్కోవు. ఆనుకుని నిలబడతాయంతే. మొక్క బొటనవేలు లావున్నప్పుడే రెంటిలో ఒకదాన్ని సికేటర్‌తో తీసేస్తే ఒక్క నిమిషం పని. పదేళ్ల తర్వాత అదే పనికి తాళ్లు, నలుగురు మనుషులు, అరచేతి వెడల్పు గాయం. అసలు మంచి కత్తిరింపంతా చెట్టు మొదటి పది పదిహేనేళ్లలోనే జరిగిపోవాలి. చిన్న మొక్కకు కింది కొమ్మలన్నీ ఒకేసారి ఊడదీసి కర్రలా నిలబెట్టడం కూడా తప్పే. ఆ కింది ఆకులే కాండాన్ని లావు చేస్తాయి. మనిషి తలకు తగలనంత ఎత్తు వరకు, ఏటా కొన్ని చొప్పున తీసుకుంటూ పోవాలి.

హైదరాబాద్ వాతావరణంలో పెద్ద చెట్ల కత్తిరింపుకు సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. వానలుండవు, గాయం ఆరుతుంది. చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి కొమ్మల తీరు కంటికి కనిపిస్తుంది. ఈదురుగాలులకు ఇంకా సమయముంటుంది. వేప ఉగాది నాటికి లేత ఆకు, పువ్వు వేస్తుంది. ఆ చిగురు వేసేటప్పుడు దాచుకున్న సత్తువంతా ఖర్చయి ఉంటుంది, అప్పుడు కోస్తే రెండు దెబ్బలు. ఏప్రిల్, మే మరీ చెడ్డ కాలం. ఏళ్ల తరబడి నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా నలభై డిగ్రీల ఎండకు బయటపడితే పడమటి వైపు కమిలి పగులుతుంది. కాకులు గూళ్ల మీద ఉండేదీ, ఆ గూళ్లలో కోకిలలు గుడ్లు పెట్టేదీ అప్పుడే. కానీ కాలనీలన్నీ రంపాలు పట్టేది సరిగ్గా ఆ నెలల్లోనే. మామిడికి లెక్క వేరు. కాయలు కోశాక, జూన్ జూలైల్లో, వాన లేని రోజు చూసి చేయాలి. ఆలస్యమైతే కొత్త కొమ్మ ముదరక వచ్చే పూత పోతుంది. పారిజాతానికి పూత అయ్యాక. ఎండు కొమ్మ మాత్రం ఏ రోజైనా తీయవచ్చు.

వేప గురించి ఇంకొక మాట. 2021లో తెలంగాణ అంతటా వేప చెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అని పిలిచే రసం పీల్చే పురుగు దీనికి కారణం. వానాకాలం నుంచి చలికాలం దాకా ఇది కనిపిస్తుంది. చెట్టు చచ్చిపోయిందనుకుని నరికించేముందు కొమ్మ బెరడును గోటితో గీరి చూడాలి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే, చాలా చెట్లు తిరిగి చిగురించాయి కూడా. అందేంత మేరకు ఎండిన కొసలను పచ్చదనం వచ్చే దాకా కత్తిరించి, ఆ ముక్కల్ని చెట్టు కిందే పోగుపెట్టకుండా దూరంగా తీసేయడం మంచిది. కోసిన కొమ్మల్ని కాల్చే అలవాటున్నా, గన్నేరు కొమ్మల్ని మాత్రం కాల్చకూడదు. దాని పొగ కూడా విషమే.

నగరంలో చెట్లు కూలడానికి కొమ్మల బరువే కారణమనుకుంటే సగమే నిజం. ఇక్కడ చాలాచోట్ల మూడడుగులు తవ్వితే రాయి తగులుతుంది. వేళ్లు లోతుకు పోలేక పక్కలకు పాకుతాయి. వాటిని డ్రైనేజీ కోసం ఒకసారి, కేబుల్ కోసం ఇంకోసారి, కాంపౌండు గోడ పునాదికి మరోసారి నరికేస్తాం. మిగిలిన చోట కాండం మొదలు దాకా సిమెంటు పోస్తాం. వేరు పోయిన చెట్టు మొదటి వానకు మట్టి మెత్తబడగానే వేళ్లతో సహా ఒరుగుతుంది. ఆ చెట్టుకు పైన ఎంత కత్తిరించినా కింద పోయిన పట్టు రాదు. కాండం ఒక పక్కకు ఒరిగి, రెండో పక్క నేల పగులిచ్చిందంటే ఆ చెట్టు కింద కారు పెట్టకూడదు.

మనిషిని పెట్టి చేయించేటప్పుడు బేరం ఎలా కుదిరిందో అదే చెట్టు గతిని తేలుస్తుంది. కట్టెలు తనకే అన్న షరతు మీద తక్కువ కూలీకి ఒప్పుకున్నవాడికి లావు కొమ్మలంటేనే ఇష్టం ఉంటుంది, అది సహజం. కూలీ పూర్తిగా ఇచ్చి, తీయాల్సిన కొమ్మలకు ముందే సుద్దతో గుర్తు పెట్టి, పని జరిగేంతసేపు కింద నిలబడటమే దీనికి మందు. ఇంట్లోవాళ్లు సొంతంగా చేసే పని నేల మీద నిలబడి అందేంత వరకే ఉండాలి. నిచ్చెన మీద రంపం వద్దు. కరెంటు తీగకు దగ్గరగా ఉన్న కొమ్మను అసలు ముట్టుకోకూడదు, పచ్చి కొమ్మలోంచి కరెంటు పారుతుంది. 1912కు ఫోన్ చేసి విద్యుత్ సిబ్బందితో లైను ఆపించి చేయించాలి.

ఇప్పటికే తల నరికించుకున్న చెట్లు మన చుట్టూ వందలున్నాయి. వాటిని మళ్లీ అదే చోట కొట్టించకుండా మూడు నాలుగేళ్లలో కొంతవరకు చక్కదిద్దవచ్చు. ప్రతి మొండెం మీదా వచ్చిన చిగుళ్లలో బాగా నిలబడిన రెండు మూడింటిని ఎంచుకోవాలి. మిగతావాటిలో కొన్నిటిని మొదటి ఏడాది తీయాలి, కొన్నిటిని సగానికి తగ్గించాలి, ఇంకొన్నిటిని తర్వాతి ఏడాదికి వదలాలి. అన్నీ ఒకేసారి తీస్తే కథ మొదటికొస్తుంది. చివరికి ప్రతి మొండెం మీదా ఒక బలమైన కొమ్మ మిగులుతుంది. మొండెం చివర కుళ్లు ఉంటే దాన్ని ఆ కొమ్మ దాకా కోసేయాలి. కాండాన్ని సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తున్నా, మొదట్లో పుట్టగొడుగులు మొలుస్తున్నా నమ్మకం పెట్టుకోకుండా చెట్ల సంగతి తెలిసినవారికి చూపించాలి. తీసేయక తప్పదని తేలితే, అది సొంత ఇంటి ఆవరణే అయినా, మినహాయించిన కొన్ని రకాలు తప్ప మిగతా చెట్లకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అటవీ శాఖ అనుమతి కావాలి. దరఖాస్తుకు చెట్టు ఫోటోలు, గోడకో ఇంటికో ఉన్న ముప్పు కనిపించేలా తీసినవి, జత చేస్తే పరిశీలనకు వచ్చేవారికి పని సులువవుతుంది.